ఆ లోకంలో బియ్యం ఎక్కణ్నుంచి వస్తాయి?

అందరికీ నమస్కారం.

ఈమధ్య చదివిన స్పెక్యులేటివ్ ఫిక్షన్ నవలల గురించి మాట్లాడమన్నారు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, రేపేమవుతుందో ఊహించి రాసేవి, అన్నిటినీ ఒకే గాటన కట్టి ఇప్పుడా పేరు పెడుతున్నారు. నేను విమర్శకుణ్ని కాను. ఉద్యోగమంతా పౌరసరఫరాల శాఖలో గడిచింది. గోడౌన్లు, చౌకడిపోలు, స్టాకు రిజిస్టర్లు, లారీ వచ్చిందా రాలేదా, వస్తే తరుగెంత, ఇదీ నా చదువు. రిటైరయ్యాక మా మేనకోడలు ఒక్కో ఇంగ్లీషు నవలా తెచ్చి చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. "చందమామ సీరియళ్లు చదివి పెరిగావు కదా మావయ్యా, ఇవీ అలాంటివే" అంది. అలాంటివి కావు. అయినా చదివాను.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ చదివే వయసులో బియ్యం సంగతి ఎవరడుగుతారు? ఇప్పుడు మాత్రం ఏ నవల తెరిచినా ముందు అదే అడుగుతున్నాను. ఆకాశంలో ఇద్దరు చంద్రులున్నారంటే ఒప్పుకుంటాను. గుర్రం ఎగిరిందంటే సరే అంటాను. కానీ పదివేలమంది సైన్యం మూడు నెలలు కొండల్లో తిరుగుతుంటే, వాళ్ల వెనక ఒక్క ధాన్యం బండీ కనపడకపోతే, ఆ రచయిత మీద నాకు నమ్మకం పోతుంది. సరుకు ఎక్కణ్నుంచి వస్తోంది, ఎవరు మోస్తున్నారు, చివరికి ఎవరికి అందటం లేదు? ఇది కడుపు గోల, సాహిత్యం కాదు అని మీలో కొందరు అనుకోవచ్చు. నాకు మాత్రం ఊహించిన లోకంలో ప్రాణం ఉందా లేదా అన్నది అక్కడే తేలిపోతోంది.

ముందు సరదా పుస్తకం. ఆండీ వియర్ రాసిన ప్రాజెక్ట్ హెయిల్ మేరీ, 2021లో వచ్చింది. సూర్యుడి శక్తిని ఒక సూక్ష్మజీవి తినేస్తూ ఉంటుంది. ఎండ తగ్గిపోతుంది, పంటలు పోతాయి. దానికి విరుగుడు వెతకడానికి ఒక స్కూలు మాస్టారు నక్షత్రాల దాకా వెళ్తాడు. అక్కడ అయిదు కాళ్లతో, రాయిలాంటి ఒంటితో, సంగీతంలా మాట్లాడే ఒక ఇంజనీరు తగులుతాడు. పేరు రాకీ. వాడంటే నాకు భలే ఇష్టం. వాడి కోసమైనా పుస్తకం చదవచ్చు. కానీ చూడండి, కథ మొదలైందే భూమ్మీద కరువు వస్తుందని. ఆ కరువు ఎలా ఉంటుందో పుస్తకంలో ఎక్కడా కళ్లకి కట్టదు. అంతా ల్యాబు, ఓడ, లెక్కలు. ఎవరింట్లో పొయ్యి ఆరిపోయిందో చెప్పడు. చివర్లో మాత్రం తిండి గురించి ఒక విడ్డూరం ఉంది. చదవబోయేవాళ్లు ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. వేరే గ్రహంలో ఆ మాస్టారికి తినడానికేమీ దొరక్క, ఆయన కండలోంచే కణాలు తీసి పెంచి, ఆ మాంసంతోనే బర్గర్ చేసి పెడతారు. తన ఒళ్లు తానే తింటాడు. హాయిగా తింటాడు కూడా. (నవ్వులు) ఇంత ఊహ ఉన్నవాడు భూమ్మీది కరువుకి నాలుగు పేజీలు ఎందుకు ఇవ్వలేకపోయాడో నాకర్థం కాలేదు.

ఇప్పుడు అసలు పుస్తకం. పాతదే, 1974లో వచ్చింది. నేను చదివింది మాత్రం ఈమధ్యనే. ఉర్సులా లెగ్విన్ నవల, ది డిస్పొసెస్డ్. రెండు లోకాలుంటాయి. ఉర్రాస్ పచ్చగా, డబ్బుతో కళకళలాడే లోకం. దాని చంద్రుడి లాంటిది అనారెస్, దుమ్మూ ఎండా తప్ప ఏమీ లేని చోటు. తరాల కిందట తిరుగుబాటు చేసినవాళ్లు ఉర్రాస్ వదిలి అనారెస్‌కి వచ్చేశారు. అక్కడ ప్రభుత్వం లేదు, డబ్బు లేదు, నాదీ నీదీ లేదు. షెవెక్ అని ఒక భౌతికశాస్త్రవేత్త అక్కడ పుట్టి పెరిగి, ఉర్రాస్‌కి వెళ్తాడు. కథ అదీ.

ఈ పుస్తకం గురించి ఎవరు రాసినా అరాజకవాదం గురించి రాస్తారు, కాలం గురించి షెవెక్ సిద్ధాంతం గురించి రాస్తారు. నాకు ఆ సిద్ధాంతం బోధపడలేదు, పడకపోయినా నవల ఆగదు. నన్ను పట్టేసింది వేరు. ప్రభుత్వం లేని దేశంలో కూడా ఆమె ఒక సరఫరా ఆఫీసు పెట్టింది! ఎక్కడ ఏం పండింది, ఎక్కడికి ఏం పంపాలి అని చూసే సమన్వయ సంఘం ఉంది. ఎవరికి ఏ ఊళ్లో ఏ పని అని చూసే విభాగం ఉంది, అందులో కంప్యూటర్లున్నాయి. వాళ్లకి వారమంటే పది రోజులు. ఆ పదింటిలో ఒకరోజు పాకీ పనో మోత పనో వంతులవారీగా అందరూ చేస్తారు, సైంటిస్టులతో సహా. ఇదంతా రాయాలంటే ఆ రచయిత్రి ఎంత ఆలోచించి ఉండాలి! ఆదర్శ రాజ్యం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ ఆదర్శ రాజ్యంలో చెత్త ఎవరెత్తుతారో చెప్పేవాళ్లు తక్కువ.

ఆ తర్వాత కరువొస్తుంది. నాలుగేళ్ల కరువు. మంచి సంఘం కదా, పంచుకుని తింటారు కదా అనుకుంటాం. పంచుకుంటారు కూడా. కానీ పంచుకోవడానికి లెక్క కావాలి. ఒకచోట షెవెక్‌కి ఆ లెక్క రాసే పనే పడుతుంది. పూర్తిగా పనిచేసేవాళ్లకి పూర్తి రేషన్. జబ్బుపడి పనిచేయలేనివాళ్లకి తక్కువ. తక్కువ తిండితో జబ్బు తగ్గదు, తగ్గకపోతే పనిలోకి రాలేరు, రాకపోతే రేషన్ పెరగదు. ఎవరి పేరు ఏ వరుసలో పెట్టాలో రాసేది షెవెక్. ఆ రాసే పని చేస్తున్నందుకు ఆయనకి మాత్రం పూర్తి రేషన్. ఆయన ఉండలేక ఆ పని వదిలేసి వెళ్లిపోతాడు. వెళ్లిపోతే ఏమవుతుంది? ఆయన జాగాలో మరొకడు కూర్చుని రాస్తాడు. జాబితాలు రాయడానికి ఎప్పుడూ ఎవడో ఒకడు దొరుకుతాడు అనే అర్థం వచ్చేలా షెవెక్ చేతే అనిపిస్తుంది ఆమె.

ఆ పేజీలు నేను ఆపి, మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను. జాబితా అంటే ఏమిటో నాకు తెలుసు. కార్డుల ఏరివేత అని పైనుంచి ఆర్డరొస్తుంది. ఊళ్లోలేనివాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు, రెండు చోట్ల ఉన్నవాళ్ల పేర్లు తియ్యాలి. తియ్యాల్సిందే, న్యాయమే. ఆ వరుసలో మధ్యలో ఎక్కడో ఒక ముసలావిడ ఉంటుంది. వేలిముద్ర పడదు. ఏళ్ల తరబడి కూలిపని చేసి వేళ్లమీద గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద వేలు పెడుతుంది, తీస్తుంది, కొంగుతో తుడుచుకుంటుంది, మళ్లీ పెడుతుంది. డీలరు ఇంకో వేలు పెట్టమంటాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. ఇది ఏ నవల్లోనూ చదవలేదు నేను. ఎక్కడో అమెరికాలో కూర్చుని, ఏభై ఏళ్ల కిందట, లేని గ్రహం మీద కథ రాసుకుంటూ ఆమె ఈ పనికి ఇంత దగ్గరగా ఎలా వచ్చిందో! అందులో దుర్మార్గుడంటూ ఎవడూ లేడు. రైలు నడిపేవాడున్నాడు, ధాన్యం బళ్లకి అడ్డంపడే ఆకలి జనం ఉన్నారు, లెక్కలు రాసేవాడున్నాడు. అందరూ మంచివాళ్లే.

ఉర్రాస్‌కి వెళ్లాక ఇంకో చోటుంది. షెవెక్‌ని పెద్ద బజారుకి తీసుకెళ్తారు. వీధి పొడుగునా దుకాణాలు, బట్టలు, నగలు, బొమ్మలు. ఆయనకి కళ్లు తిరుగుతాయి. ఆయన్ని కలవరపెట్టింది ధరలు ఒక్కటే కాదు. ఇన్ని వస్తువులున్నాయి, వీటిలో ఒక్కటి కూడా చేసినవాడు ఆ వీధిలో కనపడడేమిటి? నేతగాడేడి, కమ్మరేడి? అమ్మేవాళ్లూ కొనేవాళ్లే తప్ప. ఈమధ్య ఒక పెద్ద మాల్‌లో నిలబడినప్పుడు నాకు ఆ వీధే గుర్తొచ్చింది. ఇంట్లోవాళ్లు ఐస్‌క్రీమ్ కోసం పిలవడంతో ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది, అది వేరే సంగతి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటి ఏభై పేజీలు కదలవు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి ఉపన్యాసాలిచ్చుకునే చోట్లున్నాయి. ఓపిక పట్టాలి.

ఆక్టేవియా బట్లర్ నవల పేరబుల్ ఆఫ్ ది సోవర్ 1993లో వచ్చింది. డైరీలాగా ఉంటుంది. డైరీలో మొదటి తేదీ 2024 జులై 20. అంటే ఆవిడ ముప్ఫై ఏళ్ల ముందు ఊహించి రాసిన రోజుల్ని మనం దాటి వచ్చేశాం. లాస్ ఏంజెలిస్ దగ్గర చుట్టూ గోడ కట్టుకున్న ఒక చిన్న వాడ. గోడ బయట దోపిడీలు, మంటలు. లోపల లారెన్ అనే పిల్ల, డైరీ మొదలయ్యేసరికి పదిహేనేళ్లది, రాబోయేది పసిగట్టి మూట సిద్ధం చేసుకుంటుంది. విత్తనాలు, ఎండబెట్టిన పళ్లు, అగ్గిపుల్లలు, కొంచెం డబ్బు. ఏ ఆకు తినొచ్చో పుస్తకాలు చూసి నేర్చుకుంటుంది. ఆ వాడవాళ్లు ఓక్ చెట్టు కాయలు దంచి పిండి చేసి రొట్టె చేసుకుంటారు. పెట్రోలు కన్నా మంచినీళ్లు ఖరీదు. గోడ కూలిపోయాక లారెన్ హైవే పట్టుకుని ఉత్తరానికి నడుస్తుంది. నడిచే ప్రతి మజిలీలోనూ నీళ్లెక్కడ దొరుకుతాయి, ఎంతకి కొనాలి, కొనేచోట ఎవరు కాపు కాసి ఉన్నారు అన్నదే టెన్షన్. నేను ఇరవై లీటర్ల క్యాన్ గుమ్మంలో దించిన అబ్బాయికి డబ్బులిచ్చి వచ్చి ఈ పుస్తకం మళ్లీ తెరిచిన రోజులున్నాయి. చిన్నప్పుడు నీళ్లు కొనుక్కోవడం అంటే మా నాయనమ్మ నవ్వి ఉండేది.

బట్లర్ వాళ్లమ్మ ఇళ్లల్లో పనిచేసేది. పెరటి గుమ్మంలోంచి రావడం, మనిషి ఎదురుగా ఉండగానే లేనట్టు మాట్లాడటం, అవన్నీ ఈవిడ చిన్నప్పుడు చూసింది. అందుకే కాబోలు, ఆవిడ నవలల్లో లోకం తలకిందులైనప్పుడు కూడా గిన్నెలు ఎవరు తోముతున్నారో మనకి తెలుస్తూనే ఉంటుంది. 1995లో మకార్థర్ ఫెలోషిప్ వచ్చింది ఆవిడకి, ప్రతిభ ఉన్నవాళ్లకి అమెరికాలో ఇచ్చే పెద్ద గౌరవం అది, సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లలో మొదటిసారి. ఈ నవలకి రెండో భాగం ఉంది, అందులో ఒక రాజకీయ నినాదం గురించి అందరూ చెప్పుకుంటారు కాబట్టి నేను చెప్పను. నాకు నచ్చనిది ఒకటే, లారెన్ పెట్టే కొత్త మతం. అధ్యాయం మొదట్లో నాలుగు పద్యపాదాల్లాంటివి వస్తాయి. దేవుడంటే మార్పు, మార్పంటే దేవుడు అని. మొదటి రెండుసార్లు బాగున్నాయి. తర్వాత పేజీ తిప్పేశాను. విత్తనాల మూట చాలు కదా తల్లీ, ఈ ప్రవచనాలెందుకు అనిపించింది.

కిమ్ స్టాన్లీ రాబిన్సన్ నవల ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్, 2020. ఇది మనదేశంలో మొదలవుతుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒక చిన్న ఊరు. భరించలేని ఉక్క, ఎండ. కరెంటు పోతుంది. ఫ్రాంక్ అనే అమెరికన్ సహాయ కార్యకర్త ఉండే క్లినిక్‌లో జెనరేటర్ ఉంది, ఏసీ ఉంది, ఊళ్లోవాళ్లని లోపలికి రానిస్తాడు. తుపాకీ పట్టుకుని కుర్రాళ్లొచ్చి ఆ రెండూ ఎత్తుకుపోతారు. జనం చెరువులోకి దిగుతారు. చెరువు నీళ్లు ఒంటికన్నా వేడి. తెల్లారేసరికి ఫ్రాంక్ ఒక్కడే మిగులుతాడు.

ఈ అధ్యాయం చదివి నిద్రపట్టలేదు. ఇందులో ఉన్న శాస్త్రం కూడా కల్పన కాదు. తడిబట్ట చుట్టిన థర్మామీటర్ 35 డిగ్రీలు చూపించిందంటే, చెమట పట్టినా ఆరదు, ఒళ్లు చల్లబడదు, నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకి మించి ఉండలేడు. మన కోస్తాలో ఉక్క ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2015 మే నెలలో వడదెబ్బకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. ఎక్కువమంది కూలిపనికి వెళ్లక తప్పనివాళ్లు, ముసలివాళ్లు.

అయితే నా ఫిర్యాదు వినండి. ఆ నవల్లో ఆ ఎండకి రెండు కోట్లమంది చనిపోతారు. మొదటి అధ్యాయం అయ్యాక కథ జ్యూరిక్ వెళ్లిపోతుంది. ఐరిష్ అధికారి మేరీ మర్ఫీ, సెంట్రల్ బ్యాంకులు, కర్బనం గాల్లో కలవకుండా ఆపినవాళ్లకిచ్చే కార్బన్ నాణెం, మీటింగు మీద మీటింగు. మీటింగులంటే నాకు భయం లేదు, చాలా కూర్చున్నాను. కొన్నయితే బాగా రాశాడు కూడా. నాకు బాధనిపించింది వేరే. భారతదేశం ఆ తర్వాత ఆకాశంలోకి గంధకం పొగ చల్లించి ఎండ తగ్గించుకుంటుంది, రాజకీయాలు మార్చుకుంటుంది, వ్యవసాయం మార్చుకుంటుంది. అంతా దూరం నుంచి, వార్తలు చదివినట్టు. ఆ ఊరి పక్క ఊళ్లో మర్నాడు ఏం జరిగింది? శవాలెవరెత్తారు? పిండిమర మళ్లీ ఎప్పుడు తిరిగింది? గాయపడ్డ మనసు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మనకి దొరికింది ఫ్రాంక్ ఒక్కడే. చచ్చింది మనవాళ్లు, తలుచుకుని కుమిలేది అతను. ఆ మనిషి మీద నాకు కోపం లేదు, రాబిన్సన్ మీద ఉంది. అయినా ఆ మొదటి అధ్యాయం మాత్రం ప్రతి కలెక్టరు ఆఫీసులో ఏప్రిల్ నెలలో ఒకసారి చదవాలంటాను.

లియు సిషిన్ చైనా నవల త్రీ బాడీ ప్రాబ్లమ్ గురించి రెండు ముక్కలే. కెన్ లియు ఇంగ్లీషు అనువాదం 2014లో వచ్చింది, మరుసటి ఏడాది హ్యూగో అవార్డు తెచ్చుకుంది. ఊహ బ్రహ్మాండం, మనుషులు అట్టబొమ్మలు. ఒక్క అధ్యాయం మినహాయింపు. సాంస్కృతిక విప్లవంలో తండ్రిని పోగొట్టుకుని మనుషులంటేనే విరక్తి పుట్టిన శాస్త్రవేత్త యె వెన్‌జియె, కాన్పయ్యాక ఒంట్లో బాగాలేక కొండకింద పల్లెలో కొన్నాళ్లుంటుంది. పల్లెలో బాలింతలు ఆమె పిల్లకి పాలిస్తారు. రాత్రిళ్లు వెచ్చటి గదిలో ఆడవాళ్లతో కూర్చుంటుంది. పల్లె పిల్లలకి చదువు చెబుతుంది. గ్రహాంతరవాసులు, గేములు, సూక్ష్మకణాలు అన్నీ మర్చిపోయాను గానీ ఆ గది మర్చిపోలేదు.

సుసానా క్లార్క్ రాసిన పిరనేసి గురించి కూడా చెప్పాలి. 2020లో వచ్చింది, తర్వాతి ఏడాది విమెన్స్ ప్రైజ్ వచ్చింది. అంతులేని ఒక భవనం. గదుల తర్వాత గదులు, నిండా విగ్రహాలు. కింది అంతస్తుల్లో సముద్రం, పై అంతస్తుల్లో మేఘాలు. అందులో ఒకే ఒక్క మనిషి కాపురం. వారానికి రెండుసార్లు మంచి సూటు వేసుకుని ఇంకొకతను వస్తాడు, గంటసేపు ఉండి పోతాడు. మరి ఇతనేం తింటాడు? రచయిత్రి చక్కగా చెప్పింది. చేపలు పడతాడు, ఆలిచిప్పలు ఏరతాడు, సముద్రపు నాచుతో పులుసు కాస్తాడు. వాననీళ్లు పట్టుకుంటాడు. నాచు ఎండబెట్టి చలికాలానికి పొయ్యిలోకి దాచుకుంటాడు. ఆటుపోట్ల లెక్క రాసి పెట్టుకుంటాడు, తప్పితే మునిగిపోతాడు కాబట్టి.

ఒకరోజు రెండు ఆల్బట్రాస్ పక్షులు గూడు కట్టుకోవడానికి వస్తాయి. పెద్ద పక్షులు, గూటికి సరంజామా బోలెడు కావాలి. ఇతను తన ఎండు నాచు తీసుకెళ్లి వాటి దగ్గర పెడతాడు. అది ఇచ్చేస్తే తనకి కొన్నాళ్లు చలి తప్పదు. కూర్చుని లెక్క వేసుకుంటాడు, ఇన్ని రోజుల చలి ఒకవైపు, లోకంలోకి ఒక కొత్త ఆల్బట్రాస్ ఒకవైపు. ఇచ్చేస్తాడు. ఇందాక షెవెక్ దగ్గరున్నదీ లెక్కే, ఇతని దగ్గరున్నదీ లెక్కే. ఇతను తన కోటాలోంచి ఇస్తున్నాడు, అదీ తేడా. చిన్న పుస్తకం. మలుపులు చెప్పను.

చివరగా మన సంగతి ఉన్న నవల. వౌహిని వారా రాసిన ది ఇమ్మోర్టల్ కింగ్ రావ్, 2022. తర్వాతి ఏడాది పులిట్జర్ తుది జాబితాలో నిలిచింది. ఆవిడ కెనడాలో పుట్టింది, వాల్ స్ట్రీట్ జర్నల్‌లో టెక్నాలజీ కంపెనీల గురించి రాసేది. తండ్రి వైపు ఆంధ్రలో దళిత కుటుంబం, వాళ్లకి కొబ్బరితోట ఉండేది. నవల అక్కడే మొలిచింది. కొత్తపల్లిలో కొబ్బరితోట మీద బతికే పెద్ద కుటుంబంలో కింగ్ రావు పుడతాడు. తల్లి కాన్పులోనే పోతుంది. పై చదువుకి అమెరికా వెళ్తాడు, కంప్యూటర్ కంపెనీ పెడతాడు. దాని పేరు కోకోనట్! ఆపిల్ ఉండగా కొబ్బరికాయ ఉండకూడదా? ఆ కంపెనీ పెరిగి పెరిగి, చివరికి దేశాలన్నీ పోయి ప్రపంచాన్నే ఏలుతుంది. పౌరులంటూ ఉండరు, అందరూ షేర్‌హోల్డర్లే. ఎవరి విలువెంతో ఒక అల్గారిథమ్ తేలుస్తుంది. ఇదంతా చెప్పేది కూతురు అథీనా, జైల్లోంచి, తండ్రిని చంపిందన్న ఆరోపణ మీద. తండ్రి జ్ఞాపకాలు ఆమె తలలోకి ఎక్కించి ఉన్నాయి కాబట్టి, తాను పుట్టకముందు కొత్తపల్లిలో జరిగినది కూడా చూసినట్టు చెబుతుంది.

కొత్తపల్లి భాగాలు నాకెంత నచ్చాయో చెప్పలేను. ఇంటినిండా జనం. బాబాయిలు, పిన్నులు, లెక్కలేనంతమంది పిల్లలు, తగువులు, అలకలు. తోట ఎవరి చేతిలో ఉంది, ఎవరి చేతికి వస్తుంది అన్న రాజకీయం. దళిత కుటుంబం గురించి రాసినా ఎక్కడా అయ్యో పాపం అనిపించుకోవాలని రాయలేదు. వాళ్లలో గడుసువాళ్లున్నారు, పిసినారులున్నారు, ఆశపోతులున్నారు. పేదరికం చూపించి కన్నీళ్లు రాబట్టే నవలలు చదివీ చదివీ విసిగినవాణ్ని, నాకిది పెద్ద ఊరట.

కొంతకాలం కోనసీమలో పనిచేశాను కాబట్టి కొబ్బరి పని దగ్గరగా చూశాను. దింపు తీసేవాళ్లు చెట్టెక్కి గెలలు నరికి పడేస్తారు. కింద ఒలుపువాళ్లుంటారు. నేలలో ఇనప మొన నిలబెట్టి పాతి, కాయని దానిమీద ఒక్క పోటు పొడిచి, మెలితిప్పి, మూడు నాలుగు తిప్పుళ్లలో పీచు ఊడదీసి అవతల పారేస్తారు. కూలి కాయల లెక్కన. చూపు కాస్త పక్కకి పోతే అరచెయ్యి మొనమీద పడుతుంది. సాయంత్రానికి ఒకపక్క పీచు గుట్ట, ఒకపక్క కాయల గుట్ట, మధ్యలో మనిషి. కోకోనట్ అనే కంపెనీ పేరు నవల్లో చదివినప్పుడల్లా నాకు ఆ గుట్టలే కనపడ్డాయి. ఆ పని గురించి వారా ఇంకొంచెం రాసి ఉంటే బాగుండేది.

భవిష్యత్తు భాగాల దగ్గరికొచ్చేసరికి పట్టు సడలింది. కంపెనీ రాజ్యం వద్దని విడిగా బతికేవాళ్లుంటారు, దీవుల్లో. వాళ్లు మాట్లాడితే కరపత్రం చదివినట్టుంటుంది. షేర్‌హోల్డర్ల ఇళ్లకి సరుకు ఎలా చేరుతుందో నాకు సరిగ్గా అంతుపట్టలేదు. కొత్తపల్లిలో ప్రతి ముద్దా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసిన రచయిత్రికి, సియాటిల్ దగ్గర ఆ సంగతి అవసరం అనిపించలేదా? లేక అదే ఉద్దేశమా, ఆ లోకంలో ఎవరికీ తెలియకుండా పోయిందని చెప్పడమా? మా మేనకోడలు రెండోదే అంటుంది. నేను ఒప్పుకోలేదు. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

ఇక మీరేమైనా అడగండి.

(తెలుగులో ఇలాంటివి ఎందుకు లేవని ఒకరు అడిగారు.)

లేవనకండి. విశ్వనాథవారి హాహాహూహూ ఉంది. గుర్రం తల ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడి ఉంటాడు, తెల్లవాళ్లు తలలు పట్టుకుంటారు. అంత పొగరుగా, అంత హాయిగా రాసిన ఊహ ఇంగ్లీషులో కూడా నేనెక్కువ చూడలేదు. విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు ఉంది, అందులో విష్ణుశర్మా తిక్కనా ఇంగ్లీషు నేర్చుకోవడానికి దిగొస్తారు. ఆ పొగరు తర్వాతివాళ్లకి రాలేదు. రాకెట్లొచ్చాయి, చేతబళ్లొచ్చాయి, టైమ్ మెషిన్లొచ్చాయి. వందేళ్ల తర్వాత గోదావరి డెల్టాలో ఉప్పునీళ్లు పైకొస్తే ఏం పండిస్తారు, ఎవరు ఊరు వదులుతారు అని పెద్ద నవల ఎవరైనా రాస్తే నేను మొదటి కాపీ కొంటాను. రాసి ఉంటే పేరు చెప్పండి, రేపే కొంటాను.

(సైన్స్ రానివాళ్లు ముందు ఏది చదవాలని మరొకరు.)

పిరనేసి. అందులో సైన్స్ లేదు, ఇంగ్లీషు కూడా తేలిక. తర్వాత బట్లర్. త్రీ బాడీకి తొందర లేదు. నేను తెచ్చిన పుస్తకాలు బల్లమీద పెట్టాను, తీసుకెళ్లేవాళ్లు రిజిస్టర్లో పేరు రాయించి తీసుకెళ్లండి. డిస్పొసెస్డ్ నా సొంత కాపీ, కరువు అధ్యాయం నిండా పెన్సిల్ గీతలు, పక్కన కూడికలు ఉంటాయి. అవి ఎవరూ చెరపకండి, ఇంకా సరిచూసుకోవాలి.